ఏసీ బిగిస్తున్నారా? ఆ రెండు రాగి గొట్టాల మీద ఓ కన్నేసి ఉంచండి!

ఉగాది పచ్చడి తిన్న వారం తిరక్కుండానే ఎండలు దంచడం మొదలుపెడుతున్నాయి. రెంటచింతల, రామగుండం పేర్లు పేపర్లో కనిపించని రోజుండదు. ఒకప్పుడు వట్టివేళ్ళ తడికలు కట్టుకుని, వాటిమీద నీళ్ళు చల్లుకుని, రాత్రిళ్ళు మేడమీద మంచాలు వేసుకుని వేసవి గడిపేశాం. తరవాత కూలర్లు వచ్చాయి. ఇప్పుడు మధ్యతరగతి ఇళ్ళల్లో కూడా ఒక గదికైనా ఏసీ పెట్టించుకుంటున్నాం. ఇంట్లో పెద్దవాళ్ళో, పసిపిల్లలో, పరీక్షలకు చదివే పిల్లలో ఉంటే అది సోకు కాదు, అవసరమే.

ఏసీ కొనేటప్పుడు మనం ఎన్నో చూస్తాం. ఎన్ని స్టార్లు, ఎన్ని టన్నులు, ఏ కార్డు మీద ఎంత తగ్గింపు, వాయిదాలు ఎన్ని నెలలు అంటూ నాలుగు షాపులు తిరిగి అడుగుతాం. తీరా అది ఇంటికొచ్చి, బిగించే కుర్రాళ్ళు వచ్చిననాడు మాత్రం వాళ్ళకు మంచినీళ్ళిచ్చి, గోడ చూపించి, వంటింట్లోకి వెళ్ళిపోతాం. "అదంతా మగవాళ్ళ పని, మనకేం తెలుస్తుంది" అనుకుంటాం. మగవాళ్ళేమో ఆ టైముకి ఆఫీసుల్లో ఉంటారు! నిజానికి ఆ గంటా రెండు గంటల్లో జరిగే పనిని బట్టే మన ఏసీ పదేళ్ళు చల్లగా నడుస్తుందా, ఏడాదికోసారి మెకానిక్ కోసం కబురు పెట్టిస్తుందా అన్నది తేలిపోతుంది. అన్నింటికన్నా ముఖ్యం, రెండు యూనిట్లనూ కలిపే రాగి గొట్టాల పని. అది సరిగ్గా చేశారో లేదో చూడడానికి ఇంజినీరింగు చదవక్కర్లేదు. కుక్కర్ గాస్కెట్ బాగుందో లేదో, సిలిండర్ రెగ్యులేటర్ దగ్గర లీకవుతోందో లేదో చూసుకునే మనకు ఇదీ వస్తుంది.

గొట్టాల్లో ఏం తిరుగుతుంది?

గోడకి పెట్టేది ఇండోర్ యూనిట్, బాల్కనీలోనో సన్‌షేడ్ మీదో పెట్టేది అవుట్‌డోర్ యూనిట్. ఈ రెంటినీ కలుపుతూ రెండు రాగి గొట్టాలుంటాయి. ఒకటి సన్నం, ఒకటి లావు. చాలా వరకు ఇళ్ళల్లో వాడే ఏసీలకు సన్నది పావు అంగుళం, లావుది టన్నుల్ని బట్టి మూడెనిమిదో వంతు నుంచి అయిదెనిమిదో వంతు అంగుళం దాకా ఉంటుంది. సన్నదాంట్లో ద్రవం లోపలికి వస్తుంది, లావుదాంట్లో ఆవిరి బయటికి వెళ్తుంది.

ఇంజక్షన్ ఇచ్చేముందు నర్సు చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా అనిపిస్తుంది కదా! స్పిరిట్ ఆవిరవుతూ మన ఒంట్లో వేడి లాక్కుంటుంది. ఏసీలో జరిగేదీ అదే. గొట్టంలో వచ్చిన ద్రవం ఇండోర్ యూనిట్‌లో ఆవిరై గదిలో వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరిని బయట కంప్రెషర్ నొక్కిపెట్టి వేడెక్కిస్తే, ఫ్యాను ఆ వేడిని బయటికి ఊదేస్తుంది. మళ్ళీ అది ద్రవమై లోపలికి వస్తుంది. ఆ కాస్త గ్యాసే ఏళ్ళ తరబడి అలా తిరుగుతూనే ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి బాగా పట్టుకోవాలి. ఏసీలో గ్యాసు వంటగ్యాసులా ఖర్చయిపోయేది కాదు. మన ఫ్రిజ్ సంగతే చూడండి. పది పదిహేనేళ్ళు నడిచినా దానికి గ్యాసు ఎక్కించాల్సిన పని చాలామందికి పడదు. కారణమేమిటంటే ఫ్రిజ్ గొట్టాలన్నీ ఫ్యాక్టరీలోనే అతికి, మూసి పంపిస్తారు. స్ప్లిట్ ఏసీ అలాక్కాదు. రెండు ముక్కలుగా వస్తుంది. రెండు గొట్టాలు, ఒక్కొక్కదానికి రెండు చివర్లు, మొత్తం నాలుగు జాయింట్లు మన ఇంట్లోనే, మన కళ్ళముందే వేస్తారు. లీకయితే ఎక్కువగా అయ్యేది ఆ నాలుగింటి దగ్గరే. అందుకే ఆ నాలుగూ వేసేటప్పుడు దగ్గరుండమని చెప్పేది.

మీ ఏసీలో ఏ గ్యాసు?

అవుట్‌డోర్ యూనిట్ పక్కన ఒక స్టిక్కర్ ఉంటుంది. గ్యాసు పేరు, అది ఎన్ని గ్రాములో దానిమీద రాసి ఉంటాయి. ఫోనులో ఒక ఫోటో తీసి పెట్టుకోండి. సన్‌షేడ్ మీదికి ఎక్కించాక మళ్ళీ చూడడం మనవల్ల కాదు.

పాత ఏసీల్లో ఆర్-22 ఉండేది. అది ఓజోన్ పొరకి చేటు చేస్తుందని 1987 మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా మెల్లమెల్లగా మానుకుంటూ వస్తోంది. తరవాత ఆర్-410ఎ వచ్చింది. ఇప్పుడు కొత్తగా కొనే ఏసీల్లో ఎక్కువగా ఆర్-32 ఉంటోంది. కొన్నింట్లో ఆర్-290 ఉంటుంది. ఆర్-290 అంటే మరేదో కాదు, ప్రొపేన్. మన వంటగ్యాసులో ఉండేదే.

ఆర్-32 కూడా కొంచెం మండే గుణం ఉన్నదే. భయపడిపోనక్కర్లేదు. వంటగ్యాసు గాలిలో 2 శాతం చేరితే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఆర్-32 సుమారు 14 శాతం చేరితేగాని అంటుకోదు. కాని వంటగ్యాసుకి వాసన కలుపుతారు కాబట్టి లీకయితే మనకి వెంటనే తెలుస్తుంది. ఏసీ గ్యాసుకి మనం గుర్తుపట్టేటంత వాసన ఉండదు. పైగా అది గాలికన్నా బరువు. లీకయితే కిందికి దిగి నేల మీద పరుచుకుంటుంది. మన ఇళ్ళల్లో పసిపిల్లల్ని పడుకోబెట్టేదీ నేల మీద పరుపేసే కదా! మూసిన చిన్నగదిలో ఎక్కువగా చేరితే ఊపిరాడదు. నిప్పు తగిలితే విషపు పొగ కూడా వస్తుంది.

అందుకని గొట్టాల పని జరుగుతున్నంతసేపూ కిటికీలు, తలుపులు బార్లా తీసి ఉంచండి. ఫ్యాను వేయండి. ఆ గదిలో దేవుడి దీపం, అగరుబత్తి, దోమల చుట్ట ఏదీ వెలగకూడదు. పక్కనే వంటిల్లయితే పొయ్యి ఆపెయ్యండి. పిల్లల్ని పక్కింటికి పంపించండి. మెకానిక్ బీడీ, సిగరెట్ ముట్టించబోతే "బాబూ, ఆ పని అయ్యాక కింద కాల్చుకో నాయనా" అని మొహమాటం లేకుండా చెప్పండి.

ఒత్తిడి సంగతి కూడా వినండి. మన ప్రెషర్ కుక్కర్‌లో ఒత్తిడి చదరపు అంగుళానికి 15 పౌండ్లు. దానికే మనం వెయిట్ పెట్టి, వాల్వు చూసుకుని అంత జాగ్రత్త పడతాం. ఆర్-32 ఏసీ ఆపేసి ఉన్నప్పుడే, 35 డిగ్రీల వేడిలో గొట్టాల్లో ఒత్తిడి దాదాపు 300 పౌండ్లు ఉంటుంది. అంటే కుక్కర్‌కి 20 రెట్లు! మండుటెండలో నడుస్తున్నప్పుడు అవుట్‌డోర్ యూనిట్‌లో 400 కూడా దాటుతుంది. ఇంత ఒత్తిడిని ఆపేది ఆ చిన్న ఇత్తడి నట్లే.

సంచీ విప్పించి చూడండి

పని మొదలుపెట్టే ముందే వాళ్ళ పనిముట్లు ఏమేం ఉన్నాయో అడగండి. ఉండవలసినవి ఇవి: గొట్టం కోసే కట్టర్, లోపలి అంచు నునుపు చేసే రీమర్, మూతి విప్పార్చే ఫ్లేరింగ్ టూల్, రెండు పానాలు, వీలయితే టార్క్ రెంచి, ఒత్తిడి చూసే గేజీలు, గొట్టాల్లో గాలి లాగే వాక్యూమ్ పంపు. వాక్యూమ్ పంపు లేకుండా ఒక్క సుత్తి, డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని వచ్చారంటే ఆ పూట పని మొదలుపెట్టనివ్వకండి.

మా ఇంట్లో రెండో ఏసీ పెట్టించినప్పుడు వచ్చిన కుర్రాడి దగ్గర పంపు లేదు. "అక్కర్లేదు మేడం, నేను రోజుకి అయిదు ఫిట్టింగులు చేస్తాను, గ్యాసుతోనే గాలి తోసేస్తాను" అన్నాడు. "రేపు పంపు తెచ్చుకునే రా బాబూ, కంగారేం లేదు, ఇన్నాళ్ళు ఉన్నవాళ్ళం ఇంకో రోజు ఉంటాం" అని టీ ఇచ్చి పంపించేశాను. మర్నాడు పంపుతోనే వచ్చాడు. ఆ ఏసీకి ఇంతవరకు గ్యాసు ఎక్కించే అవసరం రాలేదు. కుర్రాడి తప్పని కూడా అనలేం. సీజన్‌లో ఒక్కరోజులో అన్ని ఇళ్ళు చుట్టిరమ్మని పంపిస్తారు. ఎంత తొందరగా అయితే అంత మంచిదన్నట్టు ఉంటుంది వాళ్ళ పరిస్థితి.

గొట్టం ఎంత పొడుగు పడుతుందో ముందే కొలిపించండి. చాలా కంపెనీలు ఏసీతో పాటు సుమారు 3 మీటర్ల గొట్టం ఇస్తాయి. అంతకన్నా ఎక్కువ కావాలంటే మీటరుకు ఎంతో ముందే మాట్లాడుకోండి. చవగ్గా వస్తుందని పల్చటి గొట్టం వేయించకండి. గోడ మందం 0.7 లేక 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. రాగే కావాలి. అల్యూమినియం గొట్టానికి రాగి పూసి అంటగట్టే వాళ్ళూ ఉన్నారు. కోసిన చోట లోపలి లోహం రంగు చూస్తే తెలిసిపోతుంది. గొట్టం బాగా పొడుగయితే గ్యాసు కూడా కొంచెం కలపాలి. మీటరుకు ఎన్ని గ్రాములన్నది ఆ ఏసీతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని అట్టపెట్టెతో పాటు పాతపేపర్లవాడికి వేసేయకండి.

కోయడం, మూతి విప్పార్చడం

గొట్టాన్ని కట్టర్‌తోనే కోయాలి. కట్టర్ గొట్టం చుట్టూ గుండ్రంగా తిరుగుతూ వంకర లేకుండా తెంపుతుంది. హాక్సా బ్లేడుతో కోస్తే రాగిపొడి లోపల పడుతుంది. ఆ పొడి గ్యాసుతో పాటు తిరిగి తిరిగి సన్నటి దారిలో అడ్డం పడుతుంది, లేదా కంప్రెషర్‌ని గీకేస్తుంది. కోశాక లోపలివైపు చిన్న అంచు మిగులుతుంది. దాన్ని రీమర్‌తో తీసేయాలి. తీసేటప్పుడు గొట్టం మూతి కిందికి వంచి పట్టుకోవాలి. అప్పుడు పొడి లోపలికి పోకుండా నేలమీద రాలుతుంది. ఇది చూస్తే చాలు, వచ్చినవాడు పని తెలిసినవాడో కాదో మీకే అర్థమైపోతుంది.

తరవాత నట్టు తొడిగి, ఆపైన గొట్టం మూతిని గరాటా మూతిలా విప్పారుస్తారు. దీన్నే ఫ్లేరింగ్ అంటారు. ఆ మూతి అన్నివైపులా సమంగా ఉండాలి. నునుపుగా మెరవాలి. సన్నటి చీలిక ఉన్నా, ఒకవైపు వెడల్పుగా ఇంకోవైపు ఇరుగ్గా ఉన్నా పనికిరాదు. మళ్ళీ కోసి మళ్ళీ చేయాల్సిందే. "నట్టు గట్టిగా బిగిస్తే సర్దుకుంటుంది" అంటే ఒప్పుకోకండి. సర్దుకోదు. మూత చొట్టపోయిన డబ్బా ఎంత గట్టిగా మూసినా ఆవకాయ నూనె కారడం మానదు కదా, ఇదీ అంతే.

నట్లు ఏసీతో పాటు వచ్చినవే వాడించండి. ఇల్లు మారి పాత ఏసీ మళ్ళీ బిగిస్తుంటే, పాత మూతినే మళ్ళీ నొక్కి బిగించకుండా, ఆ కాస్త కోసేసి కొత్తగా విప్పార్చమనండి. ఒకసారి నలిగిన రాగి మళ్ళీ అంత బాగా అతుక్కోదు.

గోడ కన్నంలోంచి గొట్టం దూర్చేటప్పుడు దాని చివర్లకి మూతలు ఉండాలి. లేకపోతే టేపయినా చుట్టాలి. సిమెంటు పొడి, చీమలు, వాననీళ్ళు ఏదీ లోపలికి పోకూడదు. వంపు తిప్పాల్సిన చోట స్ప్రింగు తొడిగి మెల్లగా వంచాలి. మోకాలు అడ్డం పెట్టి ఒక్కసారిగా వంచితే గొట్టం నొక్కుకుపోతుంది. నొక్కుకుపోయిన గొట్టాన్ని సాగదీసి వాడకూడదు, మార్చాల్సిందే.

నట్లు బిగించే తీరు

ముందు రెండు మూతులూ ఎదురెదురుగా తిన్నగా పెట్టి, ఏసీ గ్యాసులో వాడే నూనె ఒక చుక్క రాసి, నట్టుని చేత్తోనే మూడు నాలుగు చుట్లు తిప్పాలి. చేత్తో సులువుగా తిరగడం లేదంటే మరలు వంకరగా పడ్డాయన్నమాట. ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆ తరవాతే పానా వాడాలి. అదీ ఒకటి కాదు, రెండు. ఒక పానాతో వెనకాల కదలకుండా పట్టుకుని, రెండోదాంతో నట్టు బిగించాలి. ఒక్క పానాతో తిప్పితే గొట్టం మొత్తం మెలి తిరిగి అతుకు దగ్గర చీలుతుంది.

ఎంత బిగించాలన్నదానికి లెక్క ఉంది. పావు అంగుళం నట్టుకి సుమారు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళం నట్టుకి సుమారు 50 నుంచి 60. టార్క్ రెంచి ఉంటే ఆ లెక్కకి రాగానే టిక్కుమని చెబుతుంది. మీ ఏసీ పుస్తకంలో ఏ అంకె ఉంటే దాన్నే పట్టుకోండి. వదులుగా ఉంటే లీకు. మరీ బలంకొద్దీ బిగిస్తే మూతి పల్చబడి చీలుతుంది, వెంటనే కాకపోయినా నాలుగు నెలలకి లీకు. నట్లకి టెఫ్లాన్ టేపు చుట్టడం కుళాయిల పని, ఏసీలకి కాదు.

ఇండోర్ యూనిట్ దగ్గరి జాయింట్లు విప్పి చూసుకోవడానికి వీలుగా ఉండాలి. అందం కోసం గోడలో పెట్టి సిమెంటు పూయించకండి. లీకు పరీక్ష అయ్యేవరకు వాటికి తొడుగు కూడా చుట్టనివ్వకండి.

అసలు పని: గాలి లాగెయ్యడం

నట్లు బిగించాక గొట్టాల్లో, ఇండోర్ యూనిట్‌లో మామూలు గాలి, ఆ గాలిలో తేమ ఉండిపోతాయి. మన కోస్తా జిల్లాల్లో గాలిలో తేమ ఎంత ఉంటుందో ఉప్పు డబ్బా మూత తీసినవాళ్ళెవరినడిగినా చెబుతారు. ఆ తేమ లోపల ఉండిపోతే సన్నటి దారిలో గడ్డకట్టి అడ్డం పడుతుంది. కంప్రెషర్ నూనెతో కలిసి యాసిడ్ పుట్టి వైండింగుని తినేస్తుంది. గాలి ఉండిపోతే ఒత్తిడి పెరిగి, కరెంటు ఎక్కువ కాలి, చల్లదనం తగ్గుతుంది. కొత్త ఏసీ కదా, మొదటి నెల బాగానే ఉంటుంది. తరవాత తెలుస్తుంది.

అందుకే వాక్యూమ్ పంపు. కుక్కర్‌లో ఒత్తిడి పెరిగితే నీళ్ళు 100 డిగ్రీలు దాటాక గాని మరగవు కదా. దానికి సరిగ్గా తిరగేసి చెప్పుకోవాలి ఇక్కడ. గాలంతా లాగేసి ఒత్తిడి బాగా తగ్గిస్తే, మామూలు వేడికే నీళ్ళు మరిగి ఆవిరైపోతాయి. అలా గొట్టాల్లో తేమంతా ఆవిరై పంపులోంచి బయటికి పోతుంది. ఇందుకు కనీసం 15 నుంచి 20 నిమిషాలైనా పంపు నడవాలి. గొట్టం పొడుగయితే ఇంకా ఎక్కువసేపు. డిజిటల్ గేజి ఉంటే 500 మైక్రాన్లకు దిగాలి. తరవాత పంపు ఆపి, పది నిమిషాలు గేజి చూస్తూ ఉండాలి. ముల్లు కదలకపోతే బాగున్నట్టు. పైకి ఎక్కుతోందంటే ఎక్కడో లీకుందన్నమాట, లేదా తేమ ఇంకా పోలేదన్నమాట.

కొందరు పంపు పెట్టకుండా అవుట్‌డోర్ యూనిట్‌లో గ్యాసునే కాస్త వదిలి, నట్టు వదులు చేసి "సుయ్"మని గాలి తోసేస్తారు. తేమ దాంతో పోదు. కంపెనీ కొలిచి నింపిన గ్యాసు తగ్గిపోతుంది. పైగా ఆర్-32, ఆర్-290 లాంటి మండే గ్యాసుని గదిలోకి, బాల్కనీలోకి వదలడం ప్రమాదం. అది చేతిమీద పడితే మంచుకాటులా చర్మం కాలుతుంది. భూమికి కూడా మంచిది కాదు. వందేళ్ళ లెక్కన చూస్తే, ఒక కిలో ఆర్-32 గాలిలో కలిస్తే 675 కిలోల బొగ్గుపులుసు వాయువు కలిసినంత వేడి పెంచుతుంది. ఆర్-410ఎ అయితే కిలోకి 2,000 కిలోల పైమాటే.

సబ్బు నురగ పరీక్ష

గాలి లాగేముందే నైట్రోజన్ సిలిండర్‌తో గొట్టాల్లో ఒత్తిడి పెట్టి లీకు చూసుకోవడం మంచి పద్ధతి. నైట్రోజన్ అంటే నైట్రోజనే. వెల్డింగువాళ్ళ ఆక్సిజన్ సిలిండర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు. ఆక్సిజన్, కంప్రెషర్ నూనె కలిస్తే పేలుతుంది.

గాలి లాగడం అయ్యాక అవుట్‌డోర్ యూనిట్‌కున్న రెండు వాల్వులూ ఎలెన్ కీతో పూర్తిగా తెరుస్తారు. కంపెనీ నింపిన గ్యాసు అప్పుడు గొట్టాల్లోకి వస్తుంది. ఇప్పుడు మన పని. ఒక గిన్నెలో గిన్నెల సబ్బు నీళ్ళు నురగ వచ్చేలా కలిపి, స్పాంజితో నాలుగు జాయింట్లకూ, వాల్వుల చుట్టూ పట్టించమనండి. రెండు మూడు నిమిషాలు ఆగి చూడాలి. బుడగ లేస్తే లీకు. ఎంత చిన్న బుడగయినా సరే. పరీక్ష కాగానే సబ్బు తడిగుడ్డతో తుడిపించండి. లేకపోతే ఇత్తడి, రాగి మెల్లగా పాడవుతాయి.

వాల్వుల మీదుండే ఇత్తడి టోపీలు మళ్ళీ పెట్టి పానాతో బిగించాలి. అవి దుమ్ము పడకుండా పెట్టినవి కావు, లీకు ఆపేవి. చాలామంది వాటిని చేత్తో తిప్పి వదిలేస్తారు.

ఇక తొడుగులు. సన్నగొట్టానికి వేరుగా, లావుగొట్టానికి వేరుగా స్పాంజి తొడుగు ఉండాలి. రెండింటినీ ఒకే తొడుగులో కుక్కితే చల్లదనం వృథా. జాయింట్ల దగ్గర తొడుగు లేకుండా వదిలేస్తే అక్కడ నీళ్ళు పట్టి గోడలు నానతాయి. నీళ్ళు పోయే పైపు బయటికి వాలుగా ఉండాలి.

"గ్యాసు అయిపోయిందమ్మా!"

మా ఎదురింటావిడ మూడు వేసవులు వరసగా గ్యాసు ఎక్కించుకుంది. వచ్చిన ప్రతిసారీ "గ్యాసు అయిపోయిందమ్మా, మామూలే" అని చెప్పి, డబ్బు తీసుకుని వెళ్ళేవారు. నాలుగో ఏడు ఒక పెద్దాయన వచ్చి, "ముందు ఎక్కడ పోతోందో చూడనివ్వమ్మా" అని అవుట్‌డోర్ యూనిట్ దగ్గర నట్టు చూపించాడు. దాని చుట్టూ నూనె జిడ్డు, దానిమీద దుమ్ము అంటుకుని ఉంది. గ్యాసుతో పాటు లోపలి నూనె కూడా కొంచెం వస్తుంది, అదే ఆనవాలు. ఆ మూతి కోసి కొత్తగా విప్పార్చి బిగించాక మళ్ళీ ఆ గొడవ లేదు. మూడేళ్ళు పెట్టిన డబ్బు మాత్రం తిరిగి రాదు కదా!

అందుకే "గ్యాసు తక్కువైంది" అనగానే "ఎక్కడ లీకవుతోందో చూపించు బాబూ" అని అడగండి. లీకు ఆపకుండా గ్యాసు ఎక్కించడం చిల్లు బిందెలో నీళ్ళు పోయడమే. చల్లదనం తగ్గడం, సన్నగొట్టం మీద మంచు పేరుకోవడం, నట్ల దగ్గర జిడ్డు ఉండడం, ఇవి లీకుకి గుర్తులు. అయితే జాలీ దుమ్ము పట్టినా చల్లదనం తగ్గుతుంది, మంచు పడుతుంది. కనుక ముందు జాలీ కడిగి చూడండి. గ్యాసు ఎక్కించాల్సి వస్తే తూకం వేసి, స్టిక్కర్ మీదున్న గ్రాముల ప్రకారమే ఎక్కించాలి. ఆర్-22 ఏసీలో ఆర్-32 గాని, ప్రొపేన్ గాని ఎక్కిస్తానంటే వద్దే వద్దు. ఆ ఏసీ ఆ ఒత్తిడికి, ఆ మంటకి తట్టుకునేలా చేసింది కాదు.

ఇల్లు మారేటప్పుడు మరీ జాగ్రత్త

అద్దె ఇళ్ళల్లో ఉండేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం. ఏసీ విప్పేముందు గొట్టాల్లో గ్యాసునంతా అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి బంధిస్తారు. ఏసీ నడుస్తుండగా ముందు సన్నగొట్టం వాల్వు మూసి, గ్యాసు లోపలికి చేరాక లావుగొట్టం వాల్వు మూసి, వెంటనే ఏసీ ఆపెయ్యాలి. కంప్రెషర్ పూర్తిగా ఆగి, కరెంటు తీసేశాకే నట్లు విప్పాలి.

కంప్రెషర్ నడుస్తుండగా గొట్టం విప్పినా, లీకున్న ఏసీకి ఈ పని చేసినా బయటి గాలి కంప్రెషర్‌లోకి పోతుంది. గాలి, నూనె కలిసి ఆ ఒత్తిడికి, వేడికి డీజిల్ ఇంజనులో మండినట్టు మండి కంప్రెషర్ పేలిపోతుంది. జపాన్‌లో ఇలా ఏసీలు విప్పేటప్పుడు పేలిన సంఘటనలున్నాయి. యూట్యూబ్ చూసి "నేనే విప్పేస్తాను, అయిదారు వందలు మిగుల్తాయి" అని మీవారో, మీ అబ్బాయో పానా పట్టుకుంటే దయచేసి లాక్కోండి.

వాళ్ళూ మన పిల్లల్లాంటివాళ్ళే

నాలుగో అంతస్తు సన్‌షేడ్ మీద ఒక కాలు, కిటికీ ఊచ మీద ఒక కాలు పెట్టి కుర్రాళ్ళు అవుట్‌డోర్ యూనిట్ బిగిస్తుంటే మనం గుండె చిక్కబట్టుకుని చూస్తాం. చూస్తూ ఊరుకోకండి. బెల్టు, తాడు లేకుండా బయటికి దిగనివ్వకండి. అవుట్‌డోర్ యూనిట్ బాల్కనీలోనో, డాబా మీదో నిలబడి పని చేసుకునే చోట పెట్టించుకుంటే మీకు గొట్టం రెండు మీటర్లు ఎక్కువ పట్టొచ్చు. కాని రేపు సర్వీసుకి వచ్చినవాడూ క్షేమంగా ఇంటికెళ్తాడు. గాలి సరిగ్గా ఆడితే ఏసీ కూడా బాగా పనిచేస్తుంది.

పని అయ్యాక ఒకసారి సరిచూసుకోండి

1. గ్యాసు పేరు, గ్రాములు ఉన్న స్టిక్కర్‌ని ఫోటో తీశారా?

2. గొట్టం కట్టర్‌తోనే కోశారా? లోపలి అంచు తీశారా?

3. మూతులు చీలిక లేకుండా సమంగా ఉన్నాయా?

4. రెండు పానాలతో బిగించారా?

5. పంపు కనీసం 15 నుంచి 20 నిమిషాలు నడిచిందా? ఆపాక ముల్లు కదలకుండా ఉందా?

6. నాలుగు జాయింట్లకూ, వాల్వులకూ సబ్బు నురగ పెట్టి చూశారా? తుడిచారా?

7. వాల్వుల ఇత్తడి టోపీలు పానాతో బిగించారా?

8. రెండు గొట్టాలకూ విడివిడిగా తొడుగులున్నాయా? గోడ కన్నం పూడ్చారా?

9. ఏసీకి విడిగా ఎంసీబీ, సరైన ఎర్తింగు ఉన్నాయా?

10. బిల్లు, వారంటీ కార్డు, బిగించిన తేదీ రాసిన కాగితం, పుస్తకం అన్నీ ఒకే కవర్‌లో పెట్టారా?

ఏసీ ఆన్ చేశాక పది పదిహేను నిమిషాలు నడవనిచ్చి, గది చల్లబడడం చూశాకే వాళ్ళని పంపించండి. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టారు. అక్కడే ఉంచుకుంటే ఒంటికీ మంచిది, కరెంటు బిల్లుకీ మంచిది.

పక్కన నిలబడి అడుగుతుంటే మెకానిక్ మొదట కొంచెం విసుక్కోవచ్చు. ఫరవాలేదు. గ్లాసుడు మజ్జిగ ఇచ్చి నవ్వుతూ అడగండి, తనే అన్నీ చూపించి మరీ చేస్తాడు. ఈ వేసవికి మీ ఇల్లు చల్లగా ఉండాలి!